మనవాడే కదా!

బావ ఆంధ్రా బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరై బందరు ఈడేపల్లిలో ఉంటాడు. బావమరిది అవనిగడ్డ అవతల వరీ, దాని మీద మినుమూ పండించే రైతు, ఊరి సహకార సొసైటీ కమిటీలో సభ్యుడు కూడా. ఇద్దరూ చదివేది ఒకటే పేపరు. బావ ముందు బ్యాంకుల వార్తలు చూస్తాడు, బావమరిది ఎవర్ని లోపలేశారో చూస్తాడు. జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసిన అగ్రిగోల్డు కంపెనీ పేరు కనబడిన రోజున మాత్రం ఇద్దరి కళ్ళూ ఒకే చోట ఆగుతాయి. ఆ రోజు జరిగిన మాటల్లో సగం రాజకీయం. అది తీసేసి మిగిలింది రాస్తున్నాను.

బావమరిది: మళ్ళీ వచ్చింది బావా, అగ్రిగోల్డు. 2016లో సీఐడీ వాళ్ళు పట్టుకున్నారు. 2020 డిసెంబరులో ఈడీ వాళ్ళు పట్టుకున్నారు. జనం డబ్బు సంగతి అడిగితే వాయిదా.

బావ: చిన్న మొత్తాల వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చింది కదా. 2019లో 10 వేల లోపు వాళ్ళకి, 2021లో 20 వేల లోపు వాళ్ళకి.

బావమరిది: ఇచ్చింది ప్రభుత్వం. అంటే నువ్వూ నేనూ కట్టిన పన్ను. తిన్నదొకళ్ళు, కక్కిందొకళ్ళు. ఇందులో నీకేం కనబడి అంత శ్రద్ధగా చదువుతావో నాకర్థం కాదు.

బావ: మనిషి కనబడతాడు. ఎక్కడ జారతాడో, ఎందుకు జారతాడో. పురాణం వినడం కంటే ఇదే నయం, పేర్లూ తారీకులూ కూడా ఉంటాయి.

బావమరిది: ఇదిగో, ఈ మాటే నాకు ఒళ్ళు మండిస్తుంది. కల్లంలో ధాన్యం బస్తా ఎత్తుకుపోయినవాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేస్తాం. వాడెందుకు జారాడని ఎవరన్నా అడిగారా? 32 లక్షల మంది దగ్గర 6,300 కోట్ల పైన వసూలు చేశారని ఈడీ లెక్క చెబితే, అక్కడ మాత్రం మనిషి బలహీనత గురించి ఉపన్యాసం. దొంగని దొంగ అను బావా, సరిపోతుంది.

బావ: కోర్టు అనాలి. అన్నాక నేనూ అంటాను. కానీ నువ్వే చెప్పిన అంకె చూడు. 32 లక్షల మంది. కంపెనీ నడిపినవాళ్ళు పదిమందో ఇరవైమందో. వాళ్ళ సంగతి పోలీసులు చూసుకుంటారు. మిగతా 32 లక్షల మందిలో ఒక్కడన్నా ‘ప్లాటు ఇస్తామన్నారు, ఏదీ చూపించండి, సర్వే నంబరెంత’ అని ఎందుకు గట్టిగా అడగలేదు? నాకు కావలసింది అది.

బావమరిది: ఆశ. బ్యాంకులో కంటే నాలుగు రాళ్ళు ఎక్కువొస్తాయంటే ఎవడికి చేదు?

బావ: అది సులువైన జవాబు. పోగొట్టుకున్నవాణ్ణే ఇంకోసారి తిట్టినట్టుంటుంది. పెడనలో మాకు తెలిసినావిడ ఒకావిడ ఉంది. ఆయన కలంకారీ అచ్చులు వేస్తాడు. ఈవిడ ఇలాంటి కంపెనీకే ఏజెంటుగా చేసింది. ఏ కంపెనీ అని అడక్కు, అదీ బోర్డు తిప్పేసింది. సాయంత్రం పూట కార్బన్ పేపరు పెట్టిన రసీదు పుస్తకం చంకలో పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. నెలకి 200, 300. ఇచ్చినవాళ్ళని తర్వాత అడిగాను. వడ్డీ ఎంతన్నారో సగం మందికి గుర్తు లేదు. ‘ఆవిడ అడిగితే ఎలా కాదంటాం అండీ, మా అమ్మాయి పురిటికి అర్ధరాత్రి ఆటో తెచ్చింది’ అన్నారు. దీన్ని ఆశ అంటావా?

బావమరిది: మరేమంటావు?

బావ: మొహమాటం. మన వైపు జనం మొహమాటానికి పోగొట్టుకున్నంత సొమ్ము పేకాటలో కూడా పోగొట్టుకుని ఉండరు.

బావమరిది: పేకాట గురించి మాట్లాడకు, నీకు తెలియదు. (నవ్వి) సరే, ఆవిడేమైంది?

బావ: కంపెనీ మూసేశాక జనం ఆవిడ అరుగు మీద కూర్చున్నారు. అరిచినవాళ్ళు తక్కువ. ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళు. అదే ఎక్కువ బాధ. పుస్తెలతాడు అమ్మి కొందరికి కట్టింది. ఇప్పుడు ఆవిడ మెడలో ఉన్నది చిలకలపూడి సరుకు. రోల్డు గోల్డు. చూసినవాళ్ళకి తేడా తెలియదు, తెలిసినా అడగరు. అదీ మొహమాటమే.

బావమరిది: ఆవిడ కథ వింటే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ నువ్వు తెలివిగా మాట మార్చావు బావా. పేదోళ్ళ దగ్గర మొహమాటం ఉందని చెప్పి పెద్దోళ్ళని వదిలేశావు. సత్యం కంప్యూటర్స్ రాజుగారి దగ్గరకి రా. అక్కడ ఎవరికి ఎవరి మీద మొహమాటం?

బావ: రమ్మంటే వస్తాను, నాకిష్టమైన చోటికే పిలిచావు. 2009 జనవరి 7. నేను అప్పుడు సర్వీసులో ఉన్నాను. ఆ రోజు బ్రాంచిలో ఎవరూ పని చెయ్యలేదు. పొద్దున 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40 దగ్గరకొచ్చి పడింది. భీమవరం మనిషి, బెజవాడ లయోలాలో చదివినవాడు, 1987లో కంపెనీ పెట్టి అమెరికా దాకా తీసుకెళ్ళినవాడు. 108 అంబులెన్సు తెచ్చినవాడు. ఆ మనిషి ‘లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేవు’ అని తన చేత్తో ఉత్తరం రాశాడు. మొదట అసలుకీ లెక్కకీ మధ్య తేడా చిన్నదేనట. ఏటేటా పెరిగి, దిగితే పులి మింగేస్తుందన్న భయంతో దాని మీదే కూర్చున్నానన్నాడు. చదివావుగా?

బావమరిది: చదివాను, నమ్మలేదు. డిసెంబరు 16న ఏం చేశాడో చెప్పవేం? కొడుకుల కంపెనీలు మేటాస్‌ని సత్యం డబ్బుతో, 160 కోట్ల డాలర్లు పెట్టి కొనబోయాడు. సత్యం ఇంగ్లీషు అక్షరాలు వెనక్కి తిప్పి రాస్తే మేటాస్. కొత్త పేరు వెతకడానికి కూడా బద్ధకించారు. అది కుదిరితే లేని నగదు స్థానంలో ఉన్న భూములు వచ్చి కూర్చునేవి, ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు. దారులన్నీ మూసుకుపోయాక రాసినదాన్ని పశ్చాత్తాపం అనకు.

బావ: అనను. నేను చెప్పేది ఆ డిసెంబరు 16 మీటింగు గురించే. ఆ బోర్డులో ఎవరున్నారో తెలుసా? హార్వర్డు ప్రొఫెసరు కృష్ణ పాలెపు. ఐఎస్‌బీ డీను రామ్మోహనరావు. కేంద్రంలో కేబినెట్ సెక్రటరీగా చేసిన టి.ఆర్. ప్రసాద్. పెంటియం చిప్పుతో పేరు తెచ్చుకున్న వినోద్ ధామ్. వాళ్ళకి బ్యాలెన్సు షీటు చదవడం రాక కాదు, రాజుగారి డబ్బు కావలసీ కాదు. ప్రశ్నలు వేశారు కూడా. వేసి, చివరికి ఏకగ్రీవంగా సరేనన్నారు. మర్నాటికి షేర్లు కొన్నవాళ్ళు గగ్గోలు పెడితే వెనక్కి తీసుకున్నారు. ఎక్కడో న్యూయార్కులో షేరు కొన్నవాడు రాజుగారి మొహం ఎప్పుడూ చూడలేదు. అందుకే అడగగలిగాడు. రాజుగారి మొహం తెలిసినవాళ్ళు గట్టిగా అడగలేకపోయారు.

బావమరిది: మరి ఆడిటర్లు? ప్రైస్ వాటర్‌హౌస్ వాళ్ళదీ మొహమాటమేనా? ఫీజు బావా, ఫీజు. ఎవడి లెక్క చూడాలో వాడే జీతమిస్తే, వాడి లెక్కలో తప్పు కనబడుతుందా? ఇందులో మనసూ లేదు, బలహీనతా లేదు. ఏర్పాటే అలా ఉంది.

బావ: (కొంచెం సేపు ఆగి) ఫీజు సంగతి కాదనలేను. కానీ దాంతో మొత్తం తేలదు. ఆ కేసులో నాకు బాగా అర్థమయ్యే ముక్క ఒకటుంది, బ్యాంకువాణ్ణి కాబట్టి. ఒక కంపెనీకి మా దగ్గర డిపాజిట్టు ఉందో లేదో తేల్చుకోవాలంటే ఆడిటరు మాకు నేరుగా రాయాలి. మేం నేరుగా ఆడిటరుకే జవాబివ్వాలి. మధ్యలో కంపెనీ వాళ్ళ చెయ్యి తగలకూడదు. సత్యంలో ఫిక్సుడు డిపాజిట్ల కాగితాలు కంపెనీ చేతుల మీదుగా వచ్చాయి. అవి దొంగ కాగితాలు. బ్యాంకుల దగ్గర ఉన్న అంకె వేరు, ఆ కాగితాల్లో అంకె వేరు. ఒక పోస్టు కవరు ఖర్చు. అది ఎందుకు పెట్టలేదు? ‘ఇంత పెద్ద మనిషి, ఇన్నేళ్ళ పరిచయం, ఆయన ఇచ్చిన కాగితం మీద అనుమానమా’ అనుకుంటే గానీ ఆ కవరు ఖర్చు మిగలదు.

బావమరిది: లేక, తెలిసీ కళ్ళు మూసుకుంటే మిగులుతుంది. 2015 ఏప్రిల్ 9న శిక్ష పడ్డ పదిమందిలో ఆడిటర్లూ ఉన్నారు. వాళ్ళకి మొహమాటం జబ్బు ఉందని కోర్టు అనలేదు.

బావ: అనలేదు. మంచిది.

బావమరిది: శిక్ష సంగతి కూడా విను. రాజుగారికి ఏడేళ్ళు అన్నారు. పేపర్లో పెద్దక్షరాలు. నెల తిరిగిన రెండ్రోజులకే శిక్ష నిలిపేసి బెయిలిచ్చారు.

బావ: అంతకుముందు రెండున్నరేళ్ళ పైన జైల్లో ఉన్నాడు. అదీ చెప్పాలి.

బావమరిది: చెప్పాను అనుకో. 2008 సెప్టెంబరులో అదే కంపెనీకి, బాగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. నాలుగు నెలలైనా కాలేదు. బంగారు నెమలి ఇచ్చినవాళ్ళకి ఏ శిక్షా లేదు. కాబట్టి నీ పాఠం నాకొద్దు. మనిషి అలాగే ఉంటాడు, ఉండనీ. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా దివిసీమలో పదివేల మంది పోయారు. తర్వాత ఎవరన్నా సముద్రానికి బుద్ధి చెప్పారా? తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మేలో మళ్ళీ అంత గాలే కృష్ణ మొగ దగ్గరే వచ్చింది. ముందుగానే లక్షల మందిని తీసుకెళ్ళారు. రాష్ట్రం మొత్తమ్మీద పోయినవాళ్ళు వెయ్యి లోపు. సముద్రం మంచిదైపోయిందా? కాలేదు. డబ్బు విషయంలో కూడా షెల్టరు కట్టండి, మనిషి మనసు గురించి తర్వాత మాట్లాడుకుందాం.

(ఇక్కడ నాకు బావమరిది గెలిచాడనిపించింది. ఉప్పెన చూసినవాళ్ళు ఆ మాట ఎత్తితే ఎదుటివాడు చప్పబడిపోతాడు. బావ మాత్రం బ్యాంకు మనిషి, లోను అప్లికేషను చూసినట్టు ఆ మాటనీ తిప్పి చూశాడు.)

బావ: బాగుంది. షెల్టరు లేదనుకుంటున్నావా? డిపాజిటర్లని కాపాడ్డానికి మన రాష్ట్రంలో చట్టం 1999లోనే వచ్చింది. అగ్రిగోల్డు దాని తర్వాతే ఊరూరా విస్తరించింది. సెబీ వద్దన్నా వసూళ్ళు సాగాయి. షెల్టరు ఉంది, తాళం చెవి ఉన్నవాడు ఊళ్ళో లేడు. లేదా ఉన్నాడు, ఆ కంపెనీ పార్కు ప్రారంభానికి వెళ్ళి దండ వేయించుకున్నాడు.

బావమరిది: అదే నేను చెప్పేదీ.

బావ: కాదు, నువ్వు చెప్పేది షెల్టరు కట్టమని. నేను చెప్పేది తాళం తీసేది కూడా మనిషేనని. ఇంకా వెనక్కి వెళ్దాం. 1906 అక్టోబరు 22న మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూసింది. అప్పటికి మనమూ మద్రాసు ప్రెసిడెన్సీయే. దొరల బ్యాంకు, దొరతనమే పూచీ అనుకుని ఉద్యోగస్తులూ వకీళ్ళూ దాచుకున్నారు. సర్ జార్జి అర్బత్‌నాట్‌కి 18 నెలల కఠిన శిక్ష పడింది. దొరకి! మరుసటి సంవత్సరమే కృష్ణస్వామి అయ్యరు వంటి వాళ్ళు పూనుకుని ఇండియన్ బ్యాంకు పెట్టారు. ఆ తర్వాత పదహారేళ్ళకి, 1923 నవంబరులో, ఇదే బందరులో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. లక్ష రూపాయల పెట్టుబడితో. కుంభకోణం నుంచి మంచి బ్యాంకులు కూడా పుడతాయి. అడగడం నేర్చుకున్న వాళ్ళు ఉంటే.

బావమరిది: ఆ ఆంధ్రా బ్యాంకు ఇప్పుడేదీ? 2020 ఏప్రిల్ ఒకటిన యూనియన్ బ్యాంకులో కలిపేశారు. ఏప్రిల్ ఒకటినే, అదృష్టం చూడు.

బావ: దాని సంగతి ఎత్తకు. (నిజంగానే బాధపడ్డాడు.)

బావమరిది: సరే, ఎత్తను. కానీ నేర్చుకోవడం అన్నావు చూడు, అది జనంలో ఎక్కడుందో చెప్పు. 2009 డిసెంబరులో రాజ్‌భవన్ వీడియో అని టీవీలో వేశారు. అప్పటి గవర్నరు తివారీ గారు అది అబద్ధమన్నారు, ఆరోగ్యం బాగాలేదని రాజీనామా చేసి వెళ్ళారు. ఆ వారం రోజులూ మా ఊళ్ళో టీవీ కట్టేసిన ఇల్లు లేదు. ఎవరు ఏం నేర్చుకున్నారు? 2022 సంక్రాంతికి గుడివాడలో క్యాసినో నడిపారని గోల లేచింది. అప్పటి మంత్రిగారు అలాంటిదేమీ లేదన్నారు. ఉందో లేదో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. ‘అమ్మో, మన గుడివాడలో క్యాసినోనా’ అని ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళని నేను అదే పండక్కి కోడిపందేల బరి దగ్గర చూశాను. గుండాట బోర్డు చుట్టూ వాళ్ళే. కుంభకోణం అంటే జనానికి ఎదుటివాడి బరి కనబడ్డం. అంతకంటే పాఠమేం లేదు.

బావ: ఇప్పుడు నువ్వు నా వైపుకి వచ్చి మాట్లాడుతున్నావు, గమనించుకున్నావా? బలహీనత గురించి మాట్లాడొద్దన్నవాడివి గంట నుంచి అదే మాట్లాడుతున్నావు.

బావమరిది: నేను జనం తిక్క గురించి మాట్లాడుతున్నాను.

బావ: సరే, తిక్కే. ఒకటి అడుగుతాను చెప్పు. మీ సొసైటీ నగదు పుస్తకం నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావు?

బావమరిది: మా సొసైటీయా? దానికేం? ఆడిట్ అవుతుంది.

బావ: ఆడిట్ సత్యంకీ అయింది. నువ్వు చూశావా అని.

బావమరిది: మీటింగులో సెక్రటరీ చదువుతాడు. ఎరువుల స్టాకు ఇంత, రుణాలు ఇంత, వసూలు ఇంత, బ్యాంకులో నిల్వ ఇంత అని. మేం సంతకాలు పెడతాం. టీలు వస్తాయి.

బావ: బ్యాంకులో నిల్వ ఇంత అన్నది ఎవరి కాగితం?

బావమరిది: ఎవరిదేంటి, సెక్రటరీ రాసుకొచ్చిందే.

బావ: సత్యంలో కూడా అంతే. పోస్టు కవరు.

బావమరిది: అబ్బ, దాన్నీ దీన్నీ కలపకు బావా! 50 లక్షల సొసైటీ అది. మనవాడే, పొద్దున్నే లేచి ఆఫీసు తెరుస్తాడు, మినుము విత్తనాలు లేవంటే అవనిగడ్డ వెళ్ళి స్కూటరు మీద వేసుకొచ్చాడు. అలాంటివాణ్ణి పట్టుకుని ‘లెక్క చూపించు’ అని ఎలా అడుగుతాం? ఏమనుకుంటాడు?

బావ: పెడనలో ఆ వీధి వాళ్ళు ఏజెంటు గురించి ఏమన్నారో అదే అన్నావు. అర్ధరాత్రి ఆటో, నీ దగ్గర మినుము విత్తనాలు. వాడు దొంగని నేననడం లేదు. బహుశా అణాపైసలతో సహా సరిగ్గా ఉంటుంది. ఉంటే అడిగినందువల్ల వాడికి పోయేదేం లేదు. షెల్టరు కట్టండి అన్నావు. మీ ఊళ్ళో తాళంచెవి నీ జేబులో ఉంది.

బావమరిది: (చాలాసేపటికి) అడగడం అంటే ఎలా అడగాలి? అది చెప్పు. నువ్వు ఉపన్యాసం బాగా చెబుతావు గానీ, ఎదురుగా కూర్చుని టీ తాగుతూ మొహం ఎలా పెట్టుకుని అడగాలో చెప్పు.

బావ: మీటింగులో అడక్కు, పరువు సమస్య అవుతుంది. ‘నీ మీద నమ్మకం లేక కాదు’ అని అసలు మొదలెట్టకు, ఆ మాట అన్నావంటే నమ్మకం లేదనే అర్థం. జిల్లా సహకార బ్యాంకు బ్రాంచికి నువ్వే వెళ్ళు. కమిటీ సభ్యుణ్ణి అని చెప్పి, సొసైటీ ఖాతా స్టేట్‌మెంటు కావాలని రాసివ్వు. సెక్రటరీ చేత పంపించమనకు, అక్కడే నిలబడి తీసుకో. ఇంటికొచ్చి నగదు పుస్తకంలో నెలాఖరు నిల్వలతో సరిచూడు. తర్వాత గోడౌనుకి వెళ్ళి యూరియా బస్తాలు లెక్కపెట్టు. బస్తా మీద చెయ్యి వేసి లెక్కపెట్టు, వరసలు చూసి గుణించకు. లోపలి వరస ఖాళీగా పెట్టి చుట్టూ పేర్చడం నా సర్వీసులో చాలాసార్లు చూశాను. అప్పిచ్చిన ధాన్యం గోడౌన్లలో అదే పని. ఇవి రెండూ ఒక్క పూట. ఆర్నెల్లకోసారి చేస్తే వాడికీ అలవాటవుతుంది, నీకూ మొహమాటం పోతుంది.

బావమరిది: బావుంది. సోమవారం వెళ్తాను. ఇంతకీ మా సెక్రటరీ ఎవరో నీకు తెలుసుగా?

బావ: ఎవరు?

బావమరిది: మా అక్క ఆడపడుచు రెండోవాడు. పోయినేడు వేశారు.

బావ: మా చెల్లెలి కొడుకా!

బావమరిది: నీ మేనల్లుడే. ఉద్యోగం వచ్చిందని నీ కాళ్ళకి దణ్ణం కూడా పెట్టి వెళ్ళాడట, ఎక్కడో నువ్వు అడగలేదు కాబోలు.

బావ: ఆ ముక్క ముందే చెప్పొద్దూ?

బావమరిది: చెబితే? సలహా మారిపోయేదా?

బావ: మారదు. స్టేట్‌మెంటు నువ్వే వెళ్ళి తెచ్చుకో, బస్తాలు చెయ్యి వేసి లెక్కపెట్టు. (గొంతు తగ్గించి) నేను చెప్పానని మాత్రం వాడితో అనకు.